ఏజెన్సీ పెద్దల మతిమరుపు: విశాఖలో ఉంటున్న పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాడేరు ఏజెన్సీలో ముంచింగిపుట్టు వైపు ఒక చిన్న ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదివి, నర్సింగ్ చేసి, ఉద్యోగం కోసం విశాఖ వచ్చాను. మా నానమ్మకు మతిమరుపు మొదలైన నాలుగో ఏడు ఆమెను మర్రిపాలెంలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటినుంచి ఊళ్ళో ఏ ఇంట్లో పెద్దవాళ్ళు తికమక పడినా ఫోన్ నాకే వస్తుంది. ఆ ఫోన్లలో పదేపదే వినిపించిన ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. కొన్నిటికి నర్సుగా జవాబు రాశాను, కొన్నిటికి మనవరాలిగా.

మా ఊళ్ళో దీన్ని ఎవరూ జబ్బు అనరు. "వయసు మీద పడింది, మళ్ళీ చంటిపిల్లయింది" అంటారు. అలా అనుకోవడం తప్పా?

సగం తప్పు, సగం చాలా మంచి మాట. ముందు మంచి సగం చెబుతాను.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో సెక్వెపెమ్క్ అనే ఆదివాసీ జాతి ఉంది. మతిమరుపు గురించి పరిశోధకులు అక్కడి పెద్దల దగ్గర కూర్చుని అడిగితే, బతుకు ఒక చుట్టు లాంటిదని, ఆ చుట్టు పూర్తయ్యేటప్పుడు మనిషి మళ్ళీ పసితనం దగ్గరకు వస్తాడని చెప్పారు. అదే దేశంలో మానిటూలిన్ దీవిలోని అనిషినాబే పెద్దల మాట కూడా ఇంచుమించు ఇదే. ఇది చదివినప్పుడు మా ఊరి అరుగు మీద మాటలు విన్నట్టే అనిపించింది. చంటిపిల్ల పక్క తడిపితే ఎవరూ సిగ్గుపడరు. అడిగిందే పదిసార్లు అడిగితే "నీకు బుర్ర లేదా" అని కసరరు. మా ఊళ్ళో నానమ్మను కూడా ఎవరూ కసరలేదు. కసురుకోవడం ఆమె విశాఖ వచ్చాకే విన్నది, అదీ నా నోటినుంచే ఎక్కువ.

అయితే సెక్వెపెమ్క్ పెద్దలు మొత్తం వయసు మీదకే నెట్టేయలేదు. పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకుపోయి బోర్డింగ్ బడుల్లో పెట్టిన రోజుల గాయాలు, మారిపోయిన తిండి, బతుకు కూడా కారణాలే అన్నారు.

ఇక తప్పు సగం. డిమెన్షియా అంటే మెదడు కణాలు దెబ్బతిని వచ్చే జబ్బుల గుంపు. అందులో ఎక్కువమందికి వచ్చేది ఆల్జైమర్స్. వయసు పెరిగేకొద్దీ ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది గానీ, ముసలితనం వచ్చిన ప్రతివాళ్ళకీ రాదు. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ అనే జర్మన్ డాక్టరు మొట్టమొదట వివరించిన రోగి, ఆసుపత్రిలో చేరేటప్పటికి యాభై దాటి ఒక్క ఏడే. "వయసే కదా" అని వదిలేస్తే, మందుతో బాగయ్యే కారణం ఉన్నా చేజారిపోతుంది.

దీనికి మన దగ్గర మంచి పేరేమైనా ఉందా?

తెలుగు పుస్తకాల్లో "చిత్తవైకల్యం" అని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఊళ్ళో చదివి వినిపిస్తే పిచ్చి అనుకుంటారు. న్యూజిలాండ్‌లో మావోరీలు తమ భాషలోనే "మతె వరెవరె" అంటున్నారు. మరుపుతో ఒంట్లో బాగోలేకపోవడం అని దాని అర్థం. మనకు "మతిమరుపు జబ్బు" అంటే సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది.

మామూలు మరుపుకీ ఈ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుంది?

తాళం ఎక్కడ పెట్టారో మరిచిపోతే మామూలు మరుపు. తాళం చేతిలో పట్టుకుని ఇదెందుకో తెలియకపోతే ఆలోచించాలి. మా నానమ్మ విషయంలో మేం మొదట గమనించింది సంతలో. పసుపు అమ్మి డబ్బులు లెక్క చూసుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అలాంటిది ఒకరోజు నోట్లన్నీ కొన్నవాడి చేతికే ఇచ్చి "నువ్వే చూసి ఇయ్యి" అంది. మేం నవ్వుకున్నాం. తర్వాత ఏడాదికి, చిన్నప్పటినుంచి నీళ్ళు తెచ్చిన గెడ్డకు, అంటే వాగుకు, దారి తప్పింది. చేతికి అలవాటైన పని పోవడం, తెలిసిన దారి తప్పడం, మాట మధ్యలో ఆగిపోవడం, శాంతంగా ఉండేవాళ్ళు ఉన్నట్టుండి అనుమానపడటం, ఇవి నెలల తరబడి మెల్లగా పెరుగుతుంటే చూపించాలి.

పోయిన వారం వరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు, ఏదేదో మాట్లాడుతోంది. ఇదేనా?

కాకపోవచ్చు. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆగొద్దు. రోజుల్లో వచ్చిన తికమకకు వేరే కారణాలుంటాయి: జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, షుగర్ పడిపోవడం, పక్షవాతం. ఏజెన్సీలో అయితే మొదట మలేరియా పరీక్ష. నెలా రెండు నెలల క్రితం జారిపడి తలకు దెబ్బ తగిలిందేమో కూడా గుర్తు చేసుకోండి. పెద్దవాళ్ళకు తల లోపల రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత ఇలా బయటపడుతుంది. ఆపరేషన్‌తో తీసేయవచ్చు. 108కి ఫోన్ చేయండి.

మెల్లగా వచ్చినదాన్లో కూడా బాగయ్యేది ఉంటుందా?

ఉంటుంది. థైరాయిడ్ తక్కువగా ఉండటం, విటమిన్ బి12 లోపం, దిగులు జబ్బు, చాలా ఏళ్ళుగా తాగుడు, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, ఇవన్నీ మతిమరుపులా కనిపిస్తాయి. చెవుడు కూడా అంతే. అడిగింది వినపడక అడ్డదిడ్డంగా జవాబు చెబితే "మతి పోయింది" అనేస్తాం. కంట్లో శుక్లం ఉండి మనవడిని గుర్తుపట్టని తాతలు ఎంతమందో. అందుకే రక్తపరీక్షలతో పాటు చెవి, కన్ను కూడా చూపించండి. చికిత్స చేయని చెవుడు, చూపు లోపం డిమెన్షియా వచ్చే అవకాశాన్నే పెంచుతాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. బీపీ, షుగర్, పొగాకు, తలకు దెబ్బలు, ఒంటరితనం లాంటివి కలిపి 14 కారణాలు చెప్పి, వాటిని సరిచూసుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందని లెక్క కట్టింది. అడ్డచుట్ట తాగే పెద్దలకు ఈ ముక్క చెప్పి చూశాను. నవ్వి ఇంకోటి ముట్టించారు.

ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష చేశారు. చాలా తక్కువ మార్కులు వచ్చాయి. నమ్మవచ్చా?

ఏం అడిగారు, ఏ భాషలో అడిగారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా కోపమంతా ఇక్కడే ఉంది.

నానమ్మను ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు, మర్యాదస్తుడే. "మీది ఏ జిల్లా?" అని తెలుగులో అడిగాడు. "విశాఖపట్నం" అంది. తప్పు అని రాసుకున్నాడు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. రోజూ పేపరు చదివే మా నాన్నే ఫారాల్లో ఇప్పటికీ విశాఖపట్నం అని రాసి కొట్టేస్తుంటాడు. తర్వాత "ఈరోజు తారీఖు?" ఆమె జీవితంలో తారీఖుతో పని పడింది పింఛను వచ్చే ఒకటో తేదీకే. "వందలోంచి ఏడు తీసేస్తూ పోండి" అంటే అసలు జవాబే చెప్పలేదు. బడి మొహం చూడని మనిషి. అడ్డలు, కుంచాల కొలతల లెక్క అడిగి ఉంటే అప్పటికి ఇంకా చెప్పేది. చివరికి వచ్చిన మార్కుల్లో జబ్బు ఎంత, భాష ఎంత, బడి లేకపోవడం ఎంత అన్నది ఎవరికి తెలుస్తుంది?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతపు ఆదివాసీల కోసం కికా అనే ప్రత్యేక పరీక్ష తయారుచేశారు. అందులో చదువు, రాత అక్కర్లేదు. దువ్వెన, అగ్గిపెట్టె, రేకు గ్లాసు లాంటి చేతికి తెలిసిన వస్తువులు చూపించి అడుగుతారు, ఇంటివాళ్ళతో విడిగా మాట్లాడతారు. దాన్ని కెనడా ఆదివాసీ పెద్దలు తమకు తగ్గట్టు మార్చుకున్నారు. మావోరీలు తమది తాము తయారుచేసుకున్నారు.

మనం చేయగలిగింది ఏమిటంటే, ఆమె భాష వచ్చినవాళ్ళు ఒకరు పక్కనే ఉండాలి. ఆమె బడికి వెళ్ళలేదని, ఇంట్లో మాట్లాడేది వేరే భాష అని డాక్టరుకు ముందే చెప్పండి. తారీఖుకు బదులు సంత ఏ రోజు, మామిడి కొత్త (తొలి పండ్ల పండుగ) అయిందా లేదా, ఇటికల పండుగ దాటిందా అని అడిగి చూడమనండి. కొత్త చెయ్యకుండా పండు నోట పెట్టని పెద్దలకు ఆ పండుగలే క్యాలెండర్. ఏడాది క్రితం చేసి ఇప్పుడు చేయలేకపోతున్న పనులు కాగితం మీద రాసుకెళ్ళండి. మార్కుల కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

విశాఖలో ఎక్కడ చూపించాలి?

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళకు దారి చూపించడానికి అక్కడ ఎస్టీ సెల్ కూడా ఉంది, ముందు అక్కడ అడగండి. దిగులు, భ్రమలు, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. "పిచ్చాసుపత్రికా!" అని చుట్టాలు అడ్డుపడతారు. పడనీయండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పెద్దవాళ్ళను వందకు పైగా కిలోమీటర్లు దింపే ముందు పాడేరు లేదా అరకు ఆసుపత్రిలో మామూలు రక్తపరీక్షలు చేయించుకుని, ఆ కాగితాలతో రండి. ఒక తిప్పు తగ్గుతుంది.

మందులతో తగ్గుతుందా?

ఆల్జైమర్స్‌కు డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు ఇస్తారు. కొందరికి కొన్నాళ్ళు కొంచెం మెరుగ్గా ఉంటుంది. జబ్బును నయం చేయవు.

తెలుగు మరిచిపోయి మా భాషలోనే మాట్లాడుతోంది. పిల్లలకేమో ఆ భాష రాదు. ఏం చేయాలి?

తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం, చిన్నప్పటి భాష చివరిదాకా ఉండటం ఈ జబ్బులో మామూలే. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా. మేం పనికి వెళ్ళినప్పుడు నానమ్మను చూసుకోవడానికి గాజువాక నుంచి ఒకావిడ వచ్చేది. ఒకరోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి "పొద్దున్నించీ పని పని అని ఒకటే గోలమ్మా, కూచోబెడితే కూచోదు" అంది. నానమ్మ అడిగింది పని కాదు, పాని. నీళ్ళు. ఏప్రిల్ నెల ఎండలో రోజంతా నీళ్ళు అడిగింది.

ఆ రాత్రి ఒక పెద్ద అట్ట మీద ఇరవై మాటలు తెలుగు లిపిలో రాసి గోడకు తగిలించాను: నీళ్ళు, ఆకలి, నొప్పి, చలి, బయటికి వెళ్ళాలి, ఇలాంటివి. పక్కనే తెలుగు అర్థం. మీది కువి అయినా, గదబ అయినా, పోర్జ అయినా ఇదే చేయండి. మా అబ్బాయి ఆ ఇరవై మాటలతో మొదలుపెట్టి ముత్తవ్వతో బాగానే కబుర్లాడేవాడు. ఆశ్రమ పాఠశాలలో నేను పోగొట్టుకున్న మాటలు కొన్ని వాడి నోట విన్నాను.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా అంతే. ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి, ఆఫీసులో ఒకటి మాట్లాడే మన పెద్దలకు అది చిన్న ఆస్తి కాదు. పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు చాలనుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అడవి తిండి తిని, కొండలెక్కేవాళ్ళకు ఈ జబ్బు రాదంటారు. నిజమేనా?

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. అందులో పట్నాలకంటే పల్లెల్లోనే ఎక్కువ. మరోపక్క బొలీవియా అడవుల్లోని త్సిమానే ఆదివాసీల్లో 60 దాటినవాళ్ళలో ఒక శాతం చుట్టుపక్కలే ఉందని 2022లో తేలింది. వాళ్ళ రోజంతా ఒంటిపనే, గుండె జబ్బులు చాలా అరుదు. కానీ కింబర్లీ ఆదివాసీల్లో 45 దాటినవాళ్ళలోనే 12.4 శాతం ఉంది. ఇద్దరూ ఆదివాసీలే. రక్తంలో ఏదో కవచం ఉందనుకుంటే కుదరదు. కొండ దిగి, ప్యాకెట్ తిండి, బీపీ, షుగర్ మనకూ వచ్చాక ఇంకా కుదరదు.

చనిపోయిన తాతతో మాట్లాడుతోంది. భయమేస్తోంది.

ఆమెకు భయంగా ఉందా అన్నది ముందు చూడండి. అమెరికాలో ఒక ఆదివాసీ కుటుంబంలో డిమెన్షియా వచ్చిన పెద్దావిడ చనిపోయినవాళ్ళతో మాట్లాడుతుంటే, ఆమె అవతలి లోకంతో మాట్లాడుతోందని ఇంటివాళ్ళు గౌరవంగా చూసుకున్నారని 2002లో ఒక వ్యాసం వచ్చింది. మా ఇంట్లోనూ నానమ్మ నవ్వుతూ తాతకు అంబలి పక్కన పెడితే మేం కాదనలేదు. "ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది" అని మాట్లాడిన ప్రతిసారీ గుర్తుచేస్తే, ప్రతిసారీ కొత్తగా ఏడుస్తుంది. ఎందుకు?

ఆమె భయపడుతున్నా, ఎవరో కొడుతున్నారని దాక్కుంటున్నా డాక్టరుకు చెప్పండి. అక్కడ లేని మనుషులు, జంతువులు స్పష్టంగా కనిపిస్తున్నాయంటే, దాంతోపాటు నడక బిగుసుకుపోతే, లేవీ బాడీ అనే రకం కావచ్చు. ఆ రకంలో భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రమాదం చేస్తాయి. మెడికల్ షాపులో అడిగి మత్తుమందు వేయడం మాత్రం వద్దు.

దిసారి (ఊళ్ళో పూజలు చేసి మందిచ్చే మనిషి) దగ్గరకు తీసుకెళ్ళవచ్చా? ఆకుమందులు?

తీసుకెళ్ళండి. ఆమెకు అది ధైర్యం, ఇంట్లోవాళ్ళకు కూడా. డాక్టరు దగ్గర దాచొద్దు, అంతే. సరస్వతి ఆకు కూరలో వేసుకుంటే తప్పులేదు, ఈ జబ్బును నయం చేస్తుందని మాత్రం తేలలేదు. జ్వరం, దెబ్బ, మూతి వంకర పోవడం ఉంటే ముందు ఆసుపత్రి, పూజ ఆ తర్వాత చేయించుకోవచ్చు.

మా ఊళ్ళో కొందరు చిల్లంగి (చేతబడి) అంటున్నారు.

ఇది అన్నిటికంటే ప్రమాదం. రాత్రిపూట లేచి తిరగడం, తనలో తాను గొణుక్కోవడం, పక్కింట్లోకి వెళ్ళి నిలబడటం, ఇవన్నీ ఈ జబ్బు లక్షణాలే. చిల్లంగి అనుమానంతో ముసలివాళ్ళను చంపిన కేసులు మన ఏజెన్సీలో ఉన్నాయి, మీకూ తెలుసు. మాట పుట్టిన రోజే ఊరిపెద్ద నాయుడును, ఆశా కార్యకర్తను, సర్పంచ్‌ను ఇంటికి పిలిచి డాక్టరు కాగితం చూపించి చెప్పండి. ఎవరైనా బెదిరిస్తే 112. ఆమెను కొన్నాళ్ళు వేరే ఊళ్ళో చుట్టాలింటికి పంపడానికి సిగ్గుపడొద్దు.

విశాఖలో ఇంటికి తెచ్చుకున్నాం. సాయంత్రమయ్యేసరికి "ఊరికి పోతా" అని తలుపు దగ్గర నిలబడుతుంది.

పొద్దు వాలాక తికమక పెరగడం ఈ జబ్బులో ఉన్నదే. ఊళ్ళో నాలుగడుగులు వేసినా ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకొస్తారు. ఇక్కడ లిఫ్టు దిగితే ఎవరికీ ఎవరూ తెలియదు. "పోదాంలే, అంబలి తాగి పోదాం" అంటే వింటుంది. "ఇదే నీ ఇల్లు" అంటే గొడవవుతుంది. నాలుగింటికల్లా కాసేపు నడిపించండి, చీకటి పడకముందే లైట్లు వేయండి. కొంగు చివర ఫోన్ నంబరు కుట్టండి. ఫొటో ఒకటి వాచ్‌మన్‌కు, సందు చివర ఆటో స్టాండులో ఇవ్వండి. మా నానమ్మను రెండుసార్లు తిరిగి తెచ్చింది ఆటోవాళ్ళే.

రోజంతా ఏం చేయించాలి?

చేతులకు తెలిసిన పని. మరిచిపోయిన మనిషి చేతులు చాలాకాలం మరిచిపోవు. చేట, కిలో సామలు ముందు పెడితే నానమ్మ గంటసేపు చెరిగేది. అయ్యాక అవే మళ్ళీ కలిపి ఇచ్చేదాన్ని, మోసమే, ఒప్పుకుంటాను. సంతలో అడ్డాకులు తెప్పించి విస్తర్లు కుట్టించవచ్చు. థింసా పాట ఫోన్‌లో పెడితే కాళ్ళు వాటంతటవే కదులుతాయి. టీవీ ముందు కూర్చోబెట్టడం మాత్రం పని కాదు.

తినేటప్పుడు పొలమారుతోంది.

నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుటకలుగా ఇవ్వండి. పల్చని నీళ్ళకంటే చిక్కటి రాగి అంబలి తేలిగ్గా దిగుతుంది. తరచుగా పొలమారుతూ జ్వరం వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించండి.

భూమి, పింఛను విషయాల్లో ఏం జాగ్రత్త పడాలి?

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. కానీ ఇంట్లోవాళ్ళే వేలిముద్ర వేయించుకుంటే ఆ చట్టం ఏం చేస్తుంది? జబ్బు మొదట్లో, ఆమెకు ఇంకా తెలివి ఉన్నప్పుడే, అన్నదమ్ములందరినీ కూర్చోబెట్టి ఆమె మనసులో ఏముందో అడగండి. పింఛను డబ్బు ఆమెదే. మనవడి రీఛార్జికి కాదు.

కోడలు ఒక్కతే చూసుకుంటోంది. మిగతావాళ్ళు "మన వాళ్ళల్లో అందరూ కలిసే చూస్తాం" అంటారు.

అంటారు. ఊళ్ళో అది కొంతవరకు నిజం, పట్నంలో ఆ "అందరూ" ఒకే ఆడమనిషి. వారంలో ఒక రాత్రి వేరేవాళ్ళు మేలుకోవాలని పేరు పెట్టి అడగండి. నిద్ర లేక ఆమె మీద చేయి లేచేంత కోపం వస్తే మీరు చెడ్డవాళ్ళయిపోరు, పక్కగదిలోకి వెళ్ళి మానసిక సహాయానికి ఉన్న 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. పెద్దల కోసం 14567 సహాయ నంబరు ఉంది. ఆ రెండు నంబర్లూ మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ అతికించి ఉన్నాయి.

చివరి రోజుల్లో ఊరికి తీసుకెళ్ళాలా, ఇక్కడే ఉంచాలా?

అందరికీ ఒకే జవాబు చెప్పలేను. వర్షాకాలంలో డోలీ కట్టాల్సిన ఊరైతే ఆలోచించండి. మంచం పట్టాక ఘాట్ రోడ్డు ప్రయాణం వాళ్ళకు నరకం, కాబట్టి తీసుకెళ్ళాలనుకుంటే నడవగలిగినప్పుడే వెళ్ళాలి. మేం నానమ్మను మామిడి కొత్తకు ముందు తీసుకెళ్ళాం. ఇల్లు గుర్తుపట్టలేదు. మా నాన్నను ఎవరి పిల్లాడివని అడిగింది. మధ్యాహ్నం మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచి గెడ్డ వైపు నడిచింది. నేను బిందె పట్టుకుని వెనకాలే వెళ్ళాను. ఈసారి దారి తప్పలేదు.